ఎలుకలకు చక్కెర పెట్టిన పరిశోధనను చదవడం ఎలా?

“చక్కెర ఎక్కువ తిన్న ఎలుకలకు లివర్‌లో కొవ్వు పేరుకుంది” అని వార్త వస్తుంది. చదివినవాళ్లలో కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది. ఇంకొందరు “ఎలుక ఎక్కడ, మనిషి ఎక్కడ” అని పేజీ తిప్పేస్తారు. అసలు పరిశోధనలో ఏం చేశారో ఇద్దరికీ తెలియదు. నాకు ఈ విషయం మీద పట్టింపు ఎక్కువ. ఎందుకంటే చక్కెర శరీరంలో ఏ దారిన వెళ్తుందో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఈ చిన్న జంతువుల వల్లే తెలిసింది. వాటి ప్రాణాలు తీసి రాబట్టిన ఫలితాన్ని శ్రద్ధగా చదవాలి. అందుకు జీవశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు, ఏ వరుసలో ఏం చూడాలో తెలిస్తే చాలు.

1. ముందు ‘పద్ధతులు’ భాగం తెరవండి

వార్తను పక్కన పెట్టి అసలు పరిశోధనా పత్రం వెతకండి. చాలా పత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. పైన ఉండే సారాంశంలో మేత వివరాలు సాధారణంగా ఉండవు కాబట్టి నేరుగా పద్ధతుల దగ్గరికి వెళ్లండి.

2. ఏ చక్కెర పెట్టారో చూడండి

మనం వాడే పంచదార సుక్రోజ్. అందులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఒంట్లో ఈ రెండింటి దారులు వేరు. గ్లూకోజ్‌ను కండరాలు, మెదడు, అన్ని అవయవాలూ వాడుకుంటాయి. ఫ్రక్టోజ్ పని ఎక్కువగా చిన్నపేగులో, లివర్‌లో జరుగుతుంది. లివర్‌లో గ్లూకోజ్ కరిగేటప్పుడు “ఇక చాలు” అని ఆపే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. ఫ్రక్టోజ్ ఆ గేటు దాటి పక్కదారిన లోపలికి వస్తుంది. అందుకే ఎక్కువైనది కొవ్వుగా మారడం సులువు. ఎలుకల మేతలో అరవై శాతం దాకా ఫ్రక్టోజ్ కలిపితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరగడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం పరిశోధకులు దశాబ్దాలుగా చూస్తున్నదే.

మోతాదు ఎందుకు ముఖ్యమో 2018లో చిట్టెలుకల మీద వచ్చిన ఒక పరిశోధన బాగా చూపించింది. ఫ్రక్టోజ్ కొద్దిగా ఇచ్చినప్పుడు చిన్నపేగే దానిలో ఎక్కువ భాగాన్ని గ్లూకోజ్‌గా, ఇతర పదార్థాలుగా మార్చేసింది. ఒకేసారి ఎక్కువ పోస్తే పేగు చేతులెత్తేసింది, మిగిలింది లివర్ మీద పడింది. కాబట్టి “ఫ్రక్టోజ్ ఇచ్చారు” అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. ఎంత ఇచ్చారు, ఎంత వేగంగా ఇచ్చారు అన్నది చూడాలి.

3. పోలికకు పెట్టిన గుంపు ఏం తిన్నదో చూడండి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఏ మేత అయినా మొత్తం నూరు శాతమే. చక్కెర పెంచారంటే ఇంకేదో తగ్గించారనే అర్థం. తగ్గించింది పిండి పదార్థమా, ప్రొటీనా, కొవ్వా? ఫలితం చక్కెర వల్ల వచ్చిందా, ఆ తగ్గినదాని వల్ల వచ్చిందా? రెండు గుంపుల మేతా పక్కపక్కన రాసుకుంటే తప్ప ఇది తెలియదు.

కొన్ని పత్రాల్లో ఒక గుంపుకు గింజలు, పొట్టు కలిసిన మామూలు మేత పెడతారు. రెండో గుంపుకు శుద్ధి చేసిన పదార్థాలతో తయారైన తీపి మేత పెడతారు. అప్పుడు చక్కెరతో పాటు పీచు, మొక్కల నుంచి వచ్చే పదార్థాలు, ఖనిజాలు అన్నీ మారిపోతాయి. అలాంటి పోలిక నుంచి “చక్కెర వల్లే” అన్న మాట రాబట్టలేం.

దీనికి తలకిందుల పొరపాటు కూడా ఉంది. లావెక్కించడానికి ప్రయోగశాలల్లో విరివిగా వాడే డి12492 అనే మేతలో 60 శాతం క్యాలరీలు కొవ్వు నుంచి వస్తాయి. దానికి జోడీగా చాలాకాలం వాడిన తక్కువ కొవ్వు మేత డి12450బి. అందులో 35 శాతం క్యాలరీలు చక్కెరవే! మంచి మేత అని పోలికకు తెచ్చింది తీపి మేత అయింది. తర్వాత చక్కెరను డి12492లో ఉన్నట్టే 7 శాతానికి తగ్గించిన డి12450జె వచ్చింది. పత్రంలో చివరి అక్షరం ఏదో చూడండి, ఆ ఒక్క అక్షరంతో పోలికే మారిపోతుంది.

పాత పత్రాలు చదివేవాళ్లకు ఇంకో మాట. ఎఐఎన్-76ఎ అనే ప్రామాణిక మేత బరువులో సగం చక్కెరే. దాని స్థానంలో 1993లో వచ్చిన ఎఐఎన్-93జిలో చక్కెర 10 శాతానికి తగ్గింది, మొక్కజొన్న పిండి ముఖ్య పదార్థమైంది.

4. మోతాదును మీరే లెక్క కట్టండి

కాగితం, పెన్ను తీసుకోండి. చిట్టెలుక బరువు 25 గ్రాములు, రోజుకు దానికి కావలసింది సుమారు 12 క్యాలరీలు అనుకుందాం. సీసాలో 10 శాతం చక్కెర నీళ్లు పెట్టారు. తియ్యగా ఉన్నాయి కాబట్టి అది 10 మిల్లీలీటర్లు తాగింది. అంటే 1 గ్రాము చక్కెర, 4 క్యాలరీలు. రోజు మొత్తంలో మూడో వంతు.

ఇప్పుడు దీన్ని మనిషికి మార్చాలి. కిలో బరువుకు ఇంత అని లెక్కిస్తే 60 కిలోల మనిషికి 2.4 కిలోల చక్కెర అవుతుంది. అది అర్థం లేని లెక్క. చిన్న జంతువు ఒళ్లు మనకంటే చాలా వేగంగా శక్తిని ఖర్చు చేస్తుంది. అందుకే ఆహారం విషయంలో క్యాలరీల శాతం చూడాలి. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి మూడో వంతు అంటే దాదాపు 165 గ్రాముల చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు 10 శాతం లోపు, అంటే 50 గ్రాములు. ఆ ప్రయోగం మనం తినే స్థాయికి ఎంత దూరంలో ఉందో ఇలా చేతికి అందుతుంది.

చక్కెర నీళ్లలో కలిపారా, గట్టి మేతలో కలిపారా అన్నది కూడా రాసుకోండి. 2019లో చిట్టెలుకల మీద ఈ రెండింటినీ పోల్చి చూశారు. నీళ్లలో తాగినప్పుడే కొవ్వు పెరిగింది. అదే చక్కెర గట్టి మేతలో ఉన్నప్పుడు అలా జరగలేదు. సీసా నుంచి కారిపోయిన చుక్కలను కూడా తాగినట్టే లెక్కేశారేమో పద్ధతుల్లో చూడాలి.

5. ఏ జంతువు?

ఎలుక (ర్యాట్), చిట్టెలుక (మౌస్) ఒకటి కావు. చిట్టెలుకల్లోనూ రకాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఎక్కువగా వాడే సి57బిఎల్/6జె రకంలో ఎన్‌ఎన్‌టి అనే జీన్ పాడై ఉంటుంది, ఆ లోపం ఇన్సులిన్ విడుదలతో ముడిపడినది. ఆడవి మగవాటంత తొందరగా లావెక్కవు. కాబట్టి మగవాటి మీద మాత్రమే చేసిన పరిశోధనను అందరికీ వర్తింపజేయకండి. గది వేడి కూడా చూడండి. చిట్టెలుకకు హాయిగా ఉండేది దాదాపు 30 డిగ్రీలు, ప్రయోగశాలల్లో మామూలుగా 20–22 డిగ్రీలే ఉంటుంది. ఆ చలికి ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే అది చాలా శక్తి ఖర్చు చేస్తుంది. ఇంకో తేడా, యూరిక్ ఆమ్లాన్ని కరిగించే యూరికేజ్ ఎంజైమ్ వాటికి ఉంది, మనకు లేదు. కాబట్టి యూరిక్ ఆమ్లం ఫలితాలను నేరుగా మనకు వర్తింపజేయకండి.

6. ఏం కొలిచారు, ఎలా కొలిచారు?

ఇచ్చిన గ్లూకోజ్‌ను ఒళ్లు ఎంత త్వరగా సర్దుకుంటుందో చూసే గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష ఎక్కువ పత్రాల్లో కనబడుతుంది. జంతువును కొన్ని గంటలు పస్తు ఉంచుతారు. తోక చివర చిన్న గాటు పెట్టి ఒక రక్తపు చుక్క తీసి, మనం ఇంట్లో షుగర్ చూసుకునేలాంటి మీటర్‌తో కొలుస్తారు. తర్వాత కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన గ్లూకోజ్ ఇస్తారు. 15, 30, 60, 120 నిమిషాలకు మళ్లీ అదే తోక నుంచి చుక్క తీస్తారు. ఆ కొలతలతో గీసిన గీత తొందరగా దిగితే బాగున్నట్టు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. చిట్టెలుక తిండిలో ఎక్కువ భాగం రాత్రిపూటే తింటుంది, దాన్ని రాత్రంతా పస్తు పెడితే లివర్‌లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉన్న గ్లూకోజ్ దాదాపు ఖాళీ అయిపోతుంది. అది మనం ఒక పూట మానేసినట్టు కాదు. ఐదారు గంటల పస్తు మేలు. రెండోది, బరువును బట్టి గ్లూకోజ్ ఇస్తే లావైన జంతువుకు ఎక్కువ పోస్తారు. అందులో అదనంగా ఉన్న కొవ్వు కండరంలా గ్లూకోజ్‌ను పీల్చుకోదు. గీత ఎత్తుగా కనబడటానికి ఆ అదనపు మోతాదే కొంత కారణం కావచ్చు. లివర్‌లో ట్రైగ్లిజరైడ్లను విడిగా కొలిచారా, పస్తులో ఇన్సులిన్ చూశారా అని వెతకండి. ఇవి కూడా ఒకే వైపు చూపిస్తే నాకు నమ్మకం పెరుగుతుంది.

7. పంజరాలు లెక్కపెట్టండి

ఒకే పంజరంలో ఉన్నవి ఒకే సీసా తాగుతాయి, ఒకదాని పెంట ఒకటి తింటాయి కాబట్టి పేగుల్లోని సూక్ష్మజీవులూ కలుస్తాయి. ఇరవై చిట్టెలుకలు నాలుగు పంజరాల్లో ఉంటే ఇరవై విడి సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. వాటిని గుంపులుగా యాదృచ్ఛికంగా విడదీశారా, కొలిచినవాళ్లకు ఏ గుంపు ఏదో తెలియకుండా ఉంచారా అన్నదీ చూడండి.

8. “తేడా లేదు” అన్నా ఇలాగే చదవండి

2018లో 29 రకాల మేతలతో చేసిన పెద్ద పరిశోధనలో మేతలో చక్కెరను 5 నుంచి 30 శాతం దాకా మార్చినా చిట్టెలుకలు లావెక్కలేదు, లావెక్కించింది కొవ్వే. ఇది చూసి చక్కెరకు క్లీన్ చిట్ ఇవ్వాలనిపిస్తుంది. కానీ అక్కడ ప్రశ్న ఒంటి కొవ్వు గురించి, చక్కెర ఉన్నది గట్టి మేతలో.

2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వేరే ప్రశ్న వేశారు. 25 శాతం క్యాలరీలు చక్కెర నుంచి తిన్న చిట్టెలుకలను, మిగతా వాటిని కలిపి ఆరుబయట జీవితానికి దగ్గరగా ఉండే పెద్ద ఆవరణల్లో వదిలారు. చోటు కోసం, తిండి కోసం, జత కోసం అవి పోటీ పడాలి. చక్కెర తిన్న ఆడవాటిలో చావులు రెట్టింపయ్యాయి. మగవాటి చేతిలో 26 శాతం తక్కువ చోటు మిగిలింది, పిల్లలు 25 శాతం తగ్గాయి. త్రాసు మీద పెట్టి బరువు చూసి ఊరుకుంటే ఇందులో ఒక్కటీ బయటపడేది కాదు.