చేతుల బలం కొలుద్దాం – పాఠం 3: బార్‌కు వేలాడే పరీక్ష

గత పాఠంలో మోకాళ్లు నేలకు ఆనించి చేసే పుష్-అప్‌లను లెక్కపెట్టడం నేర్చుకున్నాం. అవి తోసే కండరాలను కొలుస్తాయి. ఈసారి లాగే కండరాలు: ముంజేతులు, దండలు, వీపు.

తిరుపతి అమ్మాయిల కాళ్ల సత్తువ గురించి దిగులు అక్కర్లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండ చేరేవాళ్లను రోజూ చూస్తాం. అంత దమ్మున్న అమ్మాయి కూడా బార్ పట్టుకుని ఒక్కసారైనా పైకి లేవలేకపోవచ్చు. చేతుల సంగతి చేతులనే అడిగి తెలుసుకోవాలి.

ఈ పరీక్షను ఫ్లెక్స్‌డ్ ఆర్మ్ హ్యాంగ్ అంటారు. అరచేతులు బయటివైపు ఉండేలా, భుజాలంత ఎడంగా బార్ పట్టుకోవాలి. ఇద్దరు సాయం పట్టి, గడ్డం బార్ దాటేదాకా ఎత్తాలి. మోచేతులు పూర్తిగా మడిచి, ఛాతీ బార్ దగ్గరికి వచ్చాక సాయం వదిలి స్టాప్‌వాచ్ నొక్కాలి. గడ్డం బార్‌కు తగిలినా, కిందికి జారినా, తగలకుండా ఉండాలని తల వెనక్కి వాల్చినా సమయం ఆపేయాలి. ఈ మూడోదే కొత్తవారి కన్నుగప్పుతుంది. అందుకే పక్కన నిలబడి చూడండి. ముందు మోచేతులు వణుకుతాయి, తర్వాత గడ్డం మెల్లగా ఆకాశం వైపు తిరుగుతుంది. అక్కడే నొక్కాలి. ఒళ్లు ఊగితే తొడల ముందు చేయి అడ్డం పెట్టండి, పైకి మాత్రం ఎత్తకండి. భుజంలో నొప్పి అంటే వెంటనే దింపేయండి.

మన ఎండల్లో ఆరుబయటి ఇనుప బార్ పొద్దెక్కేసరికి కాలిపోతుంది. వేడికి చేయి వదిలితే కండరం గురించి ఏమీ తెలియదు. తెల్లవారుజామునే పెట్టండి, ప్రతి ఒక్కరి తర్వాత బార్ మీది చెమట తుడవండి.

సెకన్ల పక్కన బరువు తప్పక రాయండి. 45 కిలోల అమ్మాయి, 65 కిలోల అమ్మాయి సమానంగా వేలాడితే, రెండో అమ్మాయి చేతులు 20 కిలోలు ఎక్కువ మోసినట్టే. కాబట్టి ఇద్దరినీ పోల్చకండి, ఎవరి పాత సమయంతో వారి కొత్త సమయాన్ని పోల్చండి.

కొందరు ఒక్క సెకను కూడా నిలవలేరు. వారికి సున్నా వేసి పంపడం నా దృష్టిలో అన్యాయం. ఆ సున్నా వారి బలం గురించి ఏమీ చెప్పదు. వెల్లకిలా పడుకుని చాచిన చేతులకు అంగుళం, రెండంగుళాల పైన బార్ అమర్చండి. మడమలు నేలమీదే ఉంచి, ఒళ్లు నిటారుగా పెట్టి లాగమనండి. ఎన్నిసార్లు లాగితే అంత లెక్క. దీన్ని సెకన్లతో కలపకుండా వేరే వరుసలో రాయండి.

వచ్చే పాఠంలో పిడికిలి పట్టును డైనమోమీటర్‌తో కొలుద్దాం.