పై దవడ మోలార్ పీకే ముందు: సైనస్ గురించి దంత వైద్య విద్యార్థి తీసుకోవలసిన జాగ్రత్తలు

చెవి, ముక్కు, గొంతు పాఠాలను దంత వైద్య విద్యార్థులు చాలామంది పరీక్ష గట్టెక్కితే చాలన్నట్టుగా చదివి వదిలేస్తారు. ఆ పాఠాల్లో మాక్సిలరీ సైనస్ (పై దవడ ఎముకలోని గాలి గది) గురించి చదివినది మాత్రం పై దవడ వెనుక పళ్లను పీకే మొదటి రోజే అక్కరకు వస్తుంది. మనకు పన్నుగా కనిపించేది ముక్కు వైద్యుడికి సైనస్ అడుగు భాగంగా కనిపిస్తుంది. ఫోర్సెప్స్ (పన్ను పీకే పటకారు) చేతిలోకి తీసుకునే ముందు ఆ రెండో చూపు కూడా మనకు ఉండాలి.

పెద్దవారిలో మాక్సిలరీ సైనస్ సుమారు 15 మిల్లీలీటర్ల గాలి పట్టే గది. దాని అడుగు భాగం ముక్కు అడుగు భాగం కంటే కొంచెం దిగువకే ఉంటుంది. రెండవ ప్రీమోలార్, దాని వెనుక ఉండే మోలార్ల (పెద్ద నమిలే పళ్ల) వేళ్ల కొనలకూ ఆ గదికీ మధ్య కొందరిలో మంచి మందంగల ఎముక ఉంటే, కొందరిలో కాగితమంత పలుచని ఎముక, ఇంకొందరిలో కేవలం సైనస్ లోపలి పొర మాత్రమే మిగులుతుంది. ఈ గదికి తూము అడుగున కాక పైకప్పుకు దగ్గరగా, ముక్కు వైపు గోడలో ఉంటుంది. లోపలి స్రావాలను పొర మీది సూక్ష్మ రోమాలు గురుత్వానికి ఎదురుగా పైకి తోసుకుపోతేనే అవి బయట పడతాయి. జలుబుతో ఆ తూము మూసుకుపోయి ఉన్న రోజున అడుగున కొత్తగా ఒక రంధ్రం పడితే, నోటిలోని సూక్ష్మజీవులు పైకి చేరతాయి, అక్కడి చీముకు మాత్రం సరైన దారి దొరకదు. అందుకే జలుబు, సైనసైటిస్ ముదిరి ఉన్న సమయంలో, తప్పనిసరి అయితే తప్ప, పై వెనుక పళ్ల జోలికి పోకుండా వాయిదా వేయడం మేలు. ఈ ప్రమాదం కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్ వైద్యుడు నథానియెల్ హైమోర్ 1651లో ఈ సైనస్‌ను వర్ణించినప్పుడు, కోర పన్ను పీకించుకున్నాక సైనస్‌కు దారి తెరుచుకున్న ఒక మహిళ ఉదంతాన్ని కూడా రాసిపెట్టాడు.

మొదటి జాగ్రత్త ఆ పన్ను పీకవలసినదేనా అని నిర్ధారించుకోవడం. పై పళ్లకు వెళ్లే నాడులు సైనస్ గోడల్లోంచే సాగుతాయి కాబట్టి, సైనసైటిస్ నొప్పి అచ్చం పంటి నొప్పిలాగే అనిపిస్తుంది. రోగి ఒక పన్నును వేలితో చూపించలేక ఆ వైపు పళ్లన్నీ సలుపుతున్నాయని చెప్పినా, ముందుకు వంగితే నొప్పి పెరుగుతోందన్నా, తట్టి చూస్తే రెండు మూడు పళ్లు కలిసి నొప్పెట్టినా, చల్లదనం పరీక్షకు ఆ పళ్లన్నీ మామూలుగా స్పందిస్తున్నా, పీకే ఆలోచన ఆపి ముక్కు సంగతి అడగాలి. దీనికి తిరగబడిన సందర్భమూ ఉంది. ఒకే వైపు ముక్కు నుంచి దుర్వాసనతో చీము వస్తూ ఎన్ని మందులు వాడినా తగ్గని రోగిలో మూలం తరచుగా పై మోలార్ వేరు దగ్గరి చీములోనే దొరుకుతుంది. అక్కడ పంటికి చికిత్స జరగనిదే ముక్కు కుదుటపడదు.

రోగ చరిత్ర రాసేటప్పుడు ముక్కు ఒకవైపు మూసుకుపోతుందా, ఇదివరకు సైనస్ శస్త్రచికిత్స జరిగిందా, పక్క పన్ను పీకినప్పుడు ఇబ్బంది వచ్చిందా అని అడగడం రెండు నిమిషాల పని. వీటికి తోడు ఇంకొన్ని ప్రశ్నలున్నాయి, వాటిని అడగకపోవడం నా దృష్టిలో నిర్లక్ష్యమే. బుగ్గ మీద తిమ్మిరి ఉందా? చిగుళ్ల జబ్బు కనిపించకుండానే పై పళ్లు కదులుతున్నాయా? ఒకే ముక్కు రంధ్రం నుంచి మళ్లీ మళ్లీ రక్తం వస్తోందా? వీటిలో ఏది ఉన్నా సైనస్‌లో కంతి లేదని తేలేదాకా పన్ను పీకకూడదు. కదులుతున్న పన్ను సులువుగా వచ్చేస్తుంది, ఆ సాకెట్ (పన్ను ఊడిన గుంట) మాత్రం మానదు, పైగా అసలు జబ్బు కనుక్కోవడం ఆలస్యమవుతుంది. అదుపు తప్పిన మధుమేహం ఉన్నవారిలో, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడినవారిలో పై పళ్లు హఠాత్తుగా కదలడం, అంగిలి నల్లబడటం, కంటి చుట్టూ వాపు రావడం మ్యూకార్ ఫంగస్ సూచనలు కావచ్చు. అటువంటి రోగిని అదే రోజు పెద్ద ఆసుపత్రికి పంపాలి.

ఎక్స్‌రేను వేళ్ల ఆకారం కోసమే కాకుండా సైనస్ అడుగు గీత కోసం కూడా చూడాలి. ఆ గీత వేళ్ల మీదుగా పోయినంత మాత్రాన వేళ్లు సైనస్‌లోకి చొచ్చుకుపోయాయని అర్థం కాదు. సైనస్ అడుగు వేళ్లకు బుగ్గ వైపో అంగిలి వైపో కిందికి దిగి ఉన్నా, మామూలు ఎక్స్‌రేలో ఒకదానిపై ఒకటి పడి అలాగే కనిపిస్తుంది. సందేహం తీరకపోతే, పన్ను కష్టమైనదైతే, సీబీసీటీ (దవడను త్రిమితీయంగా చూపే స్కాన్) తీయించడం సమంజసం. చుట్టుపక్కల పళ్లు ఎప్పుడో పోయి ఒంటరిగా నిలిచిన మోలార్ విషయంలో మరింత అప్రమత్తంగా ఉండాలి. పళ్లు పోయిన చోట సైనస్ కిందికి విస్తరించి ఆ ఒక్క పంటినీ చుట్టుముట్టి ఉంటుంది. బలంగా ఊపితే పంటితో పాటు దవడ వెనుక ఎముక గుబ్బ కూడా విరిగి ఊడిరావచ్చు. ఆ ఎముక కదులుతున్నట్టు వేలికి తెలిసిన క్షణమే ఆపి, పై అధ్యాపకుణ్ణి పిలవాలి.

పీకేటప్పుడు ఎలివేటర్‌ను (పంటిని కదిలించి వదులు చేసే పరికరాన్ని) వేరు పొడవునా పైకి నెట్టకూడదు. ఈ ఒక్క అలవాటు సరిగ్గా పడితే సగం ప్రమాదాలు తప్పుతాయి. వేళ్లు విడివిడిగా పరచుకుని ఉంటే బలం పెంచే బదులు ముందే ఫ్లాప్ (కోసి పక్కకు లేపిన చిగురు పొర) తెరిచి, పంటిని కోసి, వేళ్లను ఒక్కొక్కటిగా తీయడం మంచిది. కొందరు సీనియర్లు దీన్ని చేతగానితనంగా చూస్తారు, ఆ మాట పట్టించుకోనక్కర్లేదు. అంగిలి వైపు వేరు కొన విరిగితే దాన్ని గుడ్డిగా వెతకడం వల్లనే అది సైనస్‌లోకి జారుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కకు చీము పట్టకపోతే, దాన్ని అక్కడే వదిలి, రోగికి చెప్పి, కేస్ షీట్‌లో రాసి, తర్వాత గమనిస్తూ ఉండటం ఆమోదయోగ్యమైన నిర్ణయమే. ముక్క కనిపించకుండా పోతే ముందుగా సక్షన్ సీసాలో, గాజ్ గుడ్డలో, ఫ్లాప్ కింద చూసి, తర్వాత ఎక్స్‌రే తీయాలి. సాకెట్‌ను పెద్దది చేస్తూ దాని వెంట పడకూడదు. సైనస్‌లో చేరిన ముక్కను బయటికి తీయడానికి తగిన శస్త్రచికిత్సలు ఉన్నాయి.

పన్ను చేతిలోకి రాగానే ట్రేలో పడేయకుండా దీపం కింద తిప్పి చూడాలి. వేళ్ల మధ్య వంపు తిరిగిన పలుచని ఎముక పెంకు అతుక్కుని, దాని పై వైపు నున్నగా మెరుస్తుంటే అది సైనస్ అడుగు ముక్కే. సాకెట్‌లోని రక్తంలో ఊపిరితో పాటు బుడగలు లేచినా, ఆ వైపు ముక్కు నుంచి రక్తం కారినా, పుక్కిలించిన నీరు ముక్కులోకి వస్తోందని రోగి చెప్పినా దారి తెరుచుకున్నట్టే. ముక్కు మూసి నోరు తెరిచి మెల్లగా ఊదమనే పరీక్ష ఒకటి ఉంది. గట్టిగా ఊదితే పొర మాత్రమే మిగిలిన చోట అది చిరిగిపోతుంది. కాబట్టి సూచనలు స్పష్టంగా ఉన్నప్పుడు ఆ పరీక్ష అవసరం లేదని నా అభిప్రాయం. ప్రోబ్‌తో (సన్నని మొనగల పరీక్ష పరికరంతో) పొడవడం, సాకెట్‌లోకి నీరు చిమ్మడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

రంధ్రం 2 మిల్లీమీటర్ల లోపుంటే రక్తపు గడ్డ నిలిచేలా చూస్తే సాధారణంగా దానంతట అదే మూసుకుంటుంది. 2 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు ఉంటే సాకెట్‌లో జెలాటిన్ స్పాంజ్ ఉంచి 8 అంకె ఆకారపు కుట్టు వేస్తారు. 7 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే ఫ్లాప్‌తో మూయాలి, అది విద్యార్థి ఒంటరిగా చేసే పని కాదు. సైనస్‌లో అప్పటికే చీము ఉంటే ఎంత చక్కగా కుట్టినా నిలవదు, ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి. యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా అన్నది అధ్యాపకుడితో కలిసి నిర్ణయించుకోవాలి. ముక్కు పొర వాపు తగ్గించే చుక్కల మందు రాస్తే వాడకం వారం దాటకూడదని రోగికి గట్టిగా చెప్పాలి. అంతకు మించితే ఆ చుక్కల వల్లనే ముక్కు మళ్లీ మూసుకుపోతుంది.

ఇంటికి పంపేటప్పుడు సూచనలను కాగితం మీద రాసివ్వాలి, మత్తు ఇంకా దిగని నోటితో కూర్చున్న మనిషికి చెప్పిన మాటలు గుర్తుండవు. రెండు వారాల పాటు ముక్కు చీదకూడదు, కారితే తుడుచుకోవాలి. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. స్ట్రాతో తాగడం, పొగ తాగడం, బూరలు ఊదడం, వేణువు, సన్నాయి వాయించడం, నీళ్లలో లోతుకు దూకడం మానాలి. విమాన ప్రయాణం ఉంటే ముందే వైద్యుడిని అడగాలి.

వారానికీ, రెండు వారాలకూ పిలిచి చూడాలి. పైకి చిగురు కమ్మినట్టున్నా నీళ్లు ముక్కులోకి వస్తున్నాయా, ఆ వైపు చెడు వాసన తెలుస్తోందా అని అడగాలి. రెండు మూడు వారాలకు కూడా దారి తెరిచే ఉంటే దానికి లోపల పొర ఏర్పడి ఫిస్టులా (నిలిచిపోయిన దారి)గా మారిపోయినట్టే, ఇక దానంతట అది మూసుకోదు. అప్పుడు చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి రాసే ఉత్తరంలో ఏ పన్ను, ఏ తేదీన పీకారు, రంధ్రం అంచనా పరిమాణం ఎంత, వేరు ముక్క ఏదైనా మిగిలిందా, ఇప్పటిదాకా ఏ మందులు ఎన్ని రోజులు ఇచ్చారు అన్న వివరాలు రాసి, పీకక ముందు తీసినవీ తర్వాత తీసినవీ ఎక్స్‌రేలు రెండూ జతచేయాలి.