పాత ఎయిర్‌లైనర్‌ను ప్రైవేట్ జెట్‌గా మార్చాలంటే

పాత విమానం చవగ్గానే దొరుకుతుంది, అసలు ఖర్చు ఆ తర్వాతే. అందుకే సోఫాల రంగు తేల్చే ముందు మెయింటెనెన్స్ రికార్డులు మొదటి పేజీ నుంచి చదివించండి. ఇంజన్, ల్యాండింగ్ గేర్ భాగాల చరిత్ర కాగితాల మీద లేకపోతే బేరం వదిలేయడమే మేలు.

1991లో తయారైన బోయింగ్ 757 ఒకటి ఎయిర్‌లైన్ సేవలు ముగించి, మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ దగ్గర్నుంచి డొనాల్డ్ ట్రంప్ చేతికి వచ్చింది. 200 మందికి పైగా పట్టే ఆ బాడీలో ఇప్పుడు 43 సీట్లే!

క్యాబిన్ మొత్తం విప్పినప్పుడే హెవీ చెక్ (విమానాన్ని భాగాలు విప్పి చేసే పెద్ద తనిఖీ) కూడా చేయించేయండి. టాయిలెట్, కిచెన్ కింద ఏళ్ల తరబడి నీళ్లు కారి ఫ్లోర్ బీములు తుప్పు పట్టి ఉండొచ్చు, కార్పెట్ వేశాక అవి కనబడవు.

ఇక అనుమతులు. కొత్త ఇంటీరియర్‌కి సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్ (విమానం డిజైన్‌లో మార్పుకి విమానయాన అధికారులిచ్చే ఆమోదం) తప్పనిసరి, కర్టెన్ గుడ్డ కూడా మంటల పరీక్ష పాసవ్వాలి. పాలరాయి మోజుంటే తేనెపట్టులాంటి తేలికపాటి ప్యానెల్ మీద పల్చటి పొర అతికిస్తారు, మీ ఇంటి గ్రానైట్ పలక పెడతామంటే ఒప్పుకోరు. మంచం వేసుకోవచ్చు, కానీ టేకాఫ్‌కి అందరికీ సర్టిఫై చేసిన సీటు ఉండాల్సిందే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్, జర్మనీలోని హాంబర్గ్‌లలో ఈ పని తెలిసిన వర్క్‌షాపులున్నాయి, ముందే స్లాట్ అడగండి.