స్కీ రేసుల గణాంకాలు – 5వ పాఠం: విజేత టైముతో వచ్చే తంటా

ఒక స్కీయర్ విజేతకు ఎంత శాతం వెనకబడ్డాడో చెప్పడానికి పోయిన పాఠంలో ఇచ్చిన సూత్రం ఒక్కటే. స్కీయర్ టైములోంచి విజేత టైము తీసేసి, మిగిలినదాన్ని విజేత టైముతో భాగించి, వందతో గుణించడం. అది అందరికీ వచ్చింది. చిక్కల్లా ఆ తర్వాతే. అభ్యాసంలో మీరంతా అన్ని రేసుల శాతాలూ ఒకే కుప్పగా పోసి సగటు తీశారు. అందుకని ఈసారి చెప్పాలనుకున్న సంవర్గమానాలు వాయిదా వేశాను. ముందు ఈ ముడి విప్పుదాం.

మీలో ఎక్కువమంది ఎంచుకున్న ఉదాహరణే చూద్దాం: ఫిన్లాండ్ క్రాస్‌కంట్రీ స్కీయర్ కెర్టు నిస్కానెన్, 2022 బీజింగ్ ఒలింపిక్స్. మహిళల 10 కి.మీ. క్లాసిక్‌లో (స్కీలను సమాంతరంగా నడిపే పద్ధతి) నార్వే స్కీయర్ తెరేసే యోహౌగ్ 28:06.3 టైముతో గెలిచింది. నిస్కానెన్ కేవలం 0.4 సెకను వెనక, రెండో స్థానం. పది రోజుల తర్వాత 30 కి.మీ. ఫ్రీలో (ఏ పద్ధతిలోనైనా వెళ్లొచ్చు) మళ్లీ యోహౌగే, 1:24:54.0. అమెరికన్ జెస్సీ డిగ్గిన్స్ 1:43.3 వెనక, నిస్కానెన్ 2:33.3 వెనక మూడో స్థానం. సెకన్లలోకి మార్చి లెక్కేస్తే నిస్కానెన్‌కి మొదటి రేసులో 0.02 శాతం, రెండోదాంట్లో 3.01 శాతం. అంతే, ‘పది రోజుల్లో ఆట పడిపోయింది’ అని తేల్చేశారు. రెండు రేసుల్లోనూ పతకం గెలిచిన మనిషి గురించి!

విజేత కూడా ఆ రోజు బరిలో దిగిన ఒక మనిషే. ఆమె చెలరేగితే, మిగతావాళ్లు ఎంత బాగా చేసినా వాళ్ల శాతాలన్నీ పెరుగుతాయి. 30 కి.మీ.లో యోహౌగ్ మొదట్లోనే గుంపును వదిలేసి వెళ్లిపోయింది. అందుకే ఏ రేసు తీసుకున్నా నేను ముందు విజేత వరుస కొట్టేసి మళ్లీ లెక్క చూస్తాను. డిగ్గిన్స్ టైము 5197.3 సెకన్లు. నిస్కానెన్ ఆమెకు సరిగ్గా 50 సెకన్లు వెనక, అంటే 0.96 శాతం. 3.01 కాస్తా మూడో వంతుకు దిగిపోయింది.

ఇదే పని 10 కి.మీ.లో చేయండి. మూడో స్థానంలో ఉన్న క్రిస్టా పార్మకోస్కి యోహౌగ్‌కి 31.5 సెకన్లు వెనక: 1.87 శాతం. యోహౌగ్‌ని కొట్టేసి నిస్కానెన్‌తో కొలిస్తే 1.84. దాదాపు కదల్లేదు. ఇలా కదలని అంకెను నమ్మొచ్చు. ఒక్కసారిగా పడిపోయిన అంకెలో పెద్ద వాటా విజేతదే.

ఇది పరీక్ష మాత్రమే. అసలు కొలతకు విజేత టైముకు బదులు మొదటి ఇరవై మంది టైముల మధ్యగతం (వరుసలో పేర్చితే నడిమి విలువ) తీసుకోండి. ఇరవయ్యే ఎందుకంటే అది నా అలవాటు, పదిహేనైనా తప్పు లేదు. మొత్తం పోటీదారుల మధ్యగతం మాత్రం వద్దు. ఒలింపిక్స్‌లో ఒక దేశం నుంచి ఒక రేసుకు నలుగురికి మించి దిగరు, స్కీయింగ్ అంతగా లేని దేశాలవాళ్లూ ఉంటారు. దాంతో మధ్యగతం బాగా వెనక్కి జరిగిపోతుంది.

ఇక సగటు సంగతి. ఆ 10 కి.మీ. ఇంటర్వల్ స్టార్ట్: ఒక్కొక్కరినీ 30 సెకన్ల తేడాతో వదులుతారు, ఎవరి పోరాటం వాళ్లదే. 30 కి.మీ. మాస్ స్టార్ట్: అందరూ ఒకేసారి కదులుతారు, ముందువాళ్ల చాటున గాలి తాకిడి తగ్గుతుంది కాబట్టి గుంపు కలిసే సాగుతుంది, తేడాలు తక్కువ వస్తాయి. స్కీయర్లకు పాయింట్లిచ్చే అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య సూత్రంలోనే ఇంటర్వల్ స్టార్ట్ తేడాను 800తో, మాస్ స్టార్ట్ తేడాను 1400తో గుణిస్తారు. వాళ్లే వేరుగా చూస్తున్నవాటిని మనం కలపకూడదు. రెండు కాలమ్‌లు పెట్టుకోండి. క్లాసిక్, ఫ్రీ కూడా విడదీస్తే మొత్తం నాలుగు. పర్స్యూట్ (ముందటి రేసు తేడాలతో ఒకరి తర్వాత ఒకరు బయల్దేరే రేసు) అయితే ఆ రోజు టైమే తీసుకోవాలి, గీత దాటిన వరుస కాదు.

అభ్యాసం. 2018 ప్యాంగ్‌చాంగ్ మహిళల 10 కి.మీ. ఫ్రీ, ఇంటర్వల్ స్టార్ట్: రాగ్న్‌హిల్డ్ హాగా 25:00.5, షార్లోట్ కల్లా 20.3 సెకన్లు వెనక, మారిట్ బ్యోర్గెన్, పార్మకోస్కి ఇద్దరూ 31.9 సెకన్లు వెనక. హాగాని కొట్టేసి పార్మకోస్కి శాతం మళ్లీ లెక్కించండి, ఎంత కదిలిందో రాయండి. తర్వాత ఈ రేసు, బీజింగ్ 10 కి.మీ. పూర్తి ఫలితాల పట్టికలు సంపాదించి, రెండింట్లోనూ దిగినవాళ్ల పేర్లు మాత్రమే ఉంచి, ఏ రేసుకు ఆ రేసులో వాళ్ల మధ్యగతంతో ప్రతి ఒక్కరినీ కొలవండి. చివరగా బిబ్ నంబర్ (స్కీయర్ ఒంటి మీది నంబరు, బయల్దేరే క్రమం) వరుసలో ఆ శాతాలను గ్రాఫ్ గీయండి. ఆలస్యంగా బయల్దేరినవాళ్ల శాతాలు ఒకవైపుకే ఒరిగితే మంచు మారిందేమో అనుమానించాలి. వచ్చే పాఠం ఆ గ్రాఫ్‌తోనే మొదలవుతుంది కాబట్టి అది గీయకుండా రావద్దు.