బీపీ గోళీ పడట్లేదని మానేసే ముందు

"గీ గోళీ నాకు పడ్తలేదు బిడ్డా, బంద్ చేసిన." జనగామలో మా మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ మాట వినని వారం ఉండదు. కాళ్ళు వాచాయని ఒకరు, దగ్గు తగ్గట్లేదని ఒకరు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని ఇంకొకరు. వాళ్ళ ఇబ్బంది నిజమే. కాకపోతే బీపీకి మందులు చాలా రకాలున్నాయి, ఒకటి పడకపోతే డాక్టర్ ఇంకొకటి రాస్తారు. దాన్ని మార్పించుకోవాలంటే మీరు ఏం గమనించాలో, డాక్టర్‌కు ఏం చెప్పాలో ఒక ఫార్మసిస్టుగా రాస్తున్నాను.

ముందు షీటు తిప్పి చదవండి. కంపెనీ పెట్టిన పేరు వదిలేసి 'టాబ్లెట్స్ ఐపీ' అని ఉన్న వరుస చూడండి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, రామిప్రిల్, అటెనోలాల్... అసలు మందు పేరు అదే. బ్రాండు చివర 'ఏఎం' అని ఉంటే మామూలుగా ఆమ్లోడిపిన్ కలిసిందని, 'హెచ్' అని ఉంటే ఒంట్లో నీరు, ఉప్పు బయటికి పంపే గోళీ (నీటి గోళీ) కలిసిందని అర్థం. ఇది ఎందుకంత ముఖ్యమంటే, పల్లె దవాఖానలో ఉచితంగా ఇచ్చిన ఆమ్లోడిపిన్ ఒకవైపు, ప్రైవేటు డాక్టర్ రాసిన 'ఏఎం' గోళీ ఇంకోవైపు, రెండూ వేసుకునే పెద్దవాళ్ళు ఉన్నారు. పేర్లు వేరు, రంగులు వేరు, మందు ఒకటే. ఇంట్లో ఉన్న షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని దవాఖానకు పట్టుకెళ్ళండి. చీటీ ఒక్కటే చూపిస్తే ఇది బయటపడదు.

ఆమ్లోడిపిన్‌తో కొందరికి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. కిడ్నీలు పోయాయేమోనని చాలామంది హడలిపోతారు. ఈ మందు సన్నని ధమనులను వదులు చేస్తుంది కానీ సిరలను అంతగా చేయదు. దాంతో నీరు పాదాల దగ్గర ఊరి నిలుస్తుంది. 5 ఎంజీతో కంటే 10 ఎంజీతో ఎక్కువ. నీటి గోళీ అడిగి వేసుకుంటే ఈ వాపు పెద్దగా తగ్గదు. డోసు తగ్గించడమో, టెల్మిసార్టన్ లాంటిది జత చేయడమో డాక్టర్ చేయగలరు. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, వాపుతో పాటు ఆయాసం ఉన్నా మాత్రం మందు మీదికి నెట్టేసి ఊరుకోకండి, ఆ రోజే చూపించుకోండి.

ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్ళలో కొందరికి కఫం లేని పొడి దగ్గు పట్టుకుంటుంది. సిరప్ ఎన్ని సీసాలు తాగినా పోదు, మందు మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. వీటితోనే అరుదుగా పెదాలు, నాలుక, ముఖం ఉబ్బుతాయి. అలా జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ మందు మళ్ళీ జన్మలో వేసుకోకూడదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మొదట ఆ సంగతే చెప్పాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది నొప్పుల గోళీ. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో నడుములు, మోకాళ్ళు పట్టేసి డైక్లోఫెనాక్ అడిగేవాళ్ళు ఎక్కువ. టెల్మిసార్టన్ గానీ రామిప్రిల్ గానీ వేసుకుంటూ, దానికి తోడు నీటి గోళీ, దాని మీద ఈ నొప్పుల గోళీ. మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గి, అది రోజుల్లోనే దెబ్బతినొచ్చు. ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగని ఒంటికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పైగా నొప్పుల గోళీ బీపీని కూడా పెంచుతుంది. అందుకే ఏ షాపులో కొన్నా "నాకు బీపీ గోళీలు ఉన్నాయి" అని ముందే చెప్పండి. పారాసిటమాల్‌తో సరిపోతుందేమో అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున టెల్మిసార్టన్, నీటి గోళీ ఆపాలా అని డాక్టర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి.

నీటి గోళీతో ఇంకో చిక్కుంది. పెద్దాయన అన్నం సరిగా తినడు, మాట పొంతన లేకుండా వస్తుంది, రోజంతా మగతగా ఉంటాడు. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు. సోడియం పడిపోయినా సరిగ్గా ఇలాగే ఉంటుంది, ఒక్క రక్త పరీక్షతో తేలిపోతుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్‌లతో గమనించాల్సింది పొటాషియం, ఇవి దాన్ని పెంచొచ్చు. బీపీకి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా అది వాడొద్దు. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు టెల్మిసార్టన్, రామిప్రిల్ రకాల్లో ఏది వాడుతున్నా గర్భం రాకముందే చెప్పి మార్పించుకోవాలి, ఇవి కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

అటెనోలాల్, మెటోప్రొలాల్ ఒక్కసారిగా ఆపితే గుండెపోటు దాకా పోవచ్చు. ఆపాల్సి వస్తే డాక్టర్ కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు వీటితో తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తుపెట్టుకోండి. ఆస్తమా ఉంటే ముందే చెప్పండి. మగవాళ్ళలో పడక దగ్గర ఇబ్బంది నీటి గోళీలతోనూ వీటితోనూ రావొచ్చు. సిగ్గుపడి గోళీ మానేసేవాళ్ళు ఎందరో. డాక్టర్‌కు ఇది కొత్త సంగతేం కాదు, చెబితే మారుస్తారు.

కళ్ళు తిరుగుతుంటే ఇంట్లోనే ఇలా చూడండి. ఐదు నిమిషాలు కూర్చుని బీపీ రాసుకోండి. నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి. అది చూశాక డోసు ఏం చేయాలో ఆయనకు తేలిగ్గా తెలుస్తుంది. ఈలోపు రాత్రిపూట లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవండి.

మిషన్‌లో అంకె పెద్దగా కనిపించిందని ఇంకో గోళీ మింగొద్దు. నిఫెడిపిన్ నాలుక కింద పెట్టించే పాత అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, బీపీ ఒక్కసారిగా పడిపోయి పక్షవాతం రావొచ్చు. 180/120 దాటి ఛాతీ నొప్పో, ఆయాసమో, మూతి వంకరో, మాట తడబాటో ఉంటే 108. అవేవీ లేకపోతే కాసేపు కూర్చుని మళ్ళీ చూసి, అంకె దిగకపోతే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి గోళీ వేళ దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. టెల్మిసార్టన్, రామిప్రిల్, నీటి గోళీల్లో ఏది కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా, రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం పరీక్ష రాయమని మీరే అడగండి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి, పోల్చి చూస్తేనే తేడా తెలుస్తుంది.