బ్రేక్ ప్యాడ్ అంచు మీద రెండు అక్షరాలు
కంపెనీవాళ్ల పెర్ఫార్మెన్స్ బ్రేక్ ప్యాడ్లకు అంత రేటు పెట్టాలా, మామూలువి చాలా అన్న డౌట్ ఉంటే, డబ్బా మీద రాతలు వదిలేసి ప్యాడ్ బయటికి తీయించి అంచుగానీ వెనక రేకుగానీ చూడండి. చాలా ప్యాడ్లకు అక్కడ అచ్చేసిన కోడ్‌లో ఎఫ్‌ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలాక పట్టు. ఇంగ్లిష్ ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.25–0.35, ఎఫ్ అయితే 0.35–0.45, జీ 0.45–0.55. ఎఫ్‌ఈ అని ఉంటే పొడవాటి దిగుడులో పట్టు జారుతుందన్నమాట, అది నేనైతే కొనను. రెండు రకాలకీ అవే అక్షరాలుంటే రోజువారీ డ్రైవింగ్‌కి పట్టు కోసమని ఎక్కువ పెట్టక్కర్లేదు. అరుగుదల, కీచు శబ్దం, నల్ల పొడి సంగతి మాత్రం ఈ కోడ్ చెప్పదు. ట్రాక్ మీద తిప్పే కారుకైతే ఈ లెక్క అసలు పనికిరాదు, అక్కడి వేడి వేరు.