జెల్ ఖాళీగా వచ్చిందా? తప్పు ట్యాక్ మీదకు తోసేయకండి

నెల్లూరు, ప్రకాశం తీరంలో గుంటలోకి రొయ్య పిల్ల వదిలే ముందు పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను కోట్ల కాపీలుగా పెంచి చూసే పరీక్ష) చేయించడం ఇప్పుడు మామూలే. తెల్లమచ్చ వైరస్ ఉందా, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉందా అని తేల్చే ఆ పరీక్ష నడిచేది డీఎన్‌ఏను కాపీ చేసే ట్యాక్ పాలిమరేజ్ మీద. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాది ఈ ఎంజైమ్. దాని జన్యువును ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన రీకాంబినెంట్ రకమే మన ఫ్రీజర్లో ఉండేది. కావలి దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పరీక్ష తప్పిన ప్రతిసారీ ముందు వినపడే మాట "ట్యాక్ పోయింది". చాలాసార్లు పోయింది అది కాదు.

సమస్య: ఏ లేన్‌లోనూ బ్యాండ్ లేదు, పాజిటివ్ కంట్రోల్‌లో కూడా

పీసీఆర్ అయ్యాక ఒక్కో శాంపిల్ డీఎన్‌ఏను జెల్‌లో ఒక్కో దారిలో (లేన్) నడిపిస్తాం, డీఎన్‌ఏ పెరిగితే అక్కడ గీత (బ్యాండ్) కనిపిస్తుంది. పాజిటివ్ కంట్రోల్ అంటే వ్యాధికారకం ఉందని ముందే తెలిసిన శాంపిల్. ముందు ల్యాడర్ (కొలత కోసం పక్కన నడిపే, సైజులు తెలిసిన డీఎన్‌ఏ) చూడండి. అదీ కనిపించకపోతే తప్పు జెల్‌దో, డైదో. ల్యాడర్ బాగుండి మిగతావన్నీ ఖాళీ అయితే మిక్స్ (పీసీఆర్ కోసం కలిపిన ద్రావణం) వైపు చూడాలి.

మొన్న ఎండాకాలంలో మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి పొద్దున్నే వచ్చి, "అన్నా, రాత్రి కరెంటు పోయింది, ట్యాక్ చచ్చిపోయినట్టుంది" అన్నాడు. 95 డిగ్రీల దగ్గర సుమారు 40 నిమిషాలకు గానీ సగం బలం తగ్గని ఎంజైమ్ అది. కొన్ని గంటలు కరెంటు లేనంత మాత్రాన చావదు. ట్యూబు తీసి వంచి చూపించాను. లోపల సగం గ్లిసరాల్ ఉంటుంది కాబట్టి మైనస్ 20లో కూడా గడ్డకట్టకుండా, పల్చటి తేనెలా గోడ వెంట మెల్లగా జారింది. అలా జారడం మామూలే. మైనస్ 20లోనే రాయిలా గడ్డకట్టి ఉంటే మాత్రం ఎవరో అందులో నీళ్లో, బఫరో కలిపారని అనుమానించండి.

ఆ రోజు పాడైంది డీఎన్‌టీపీలు, అంటే కొత్త డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన ముడిసరుకు. ఒకే ట్యూబును నెలల తరబడి కరిగించి, మళ్లీ గడ్డకట్టించి వాడుతున్నారు. కొత్తవి వేస్తే బ్యాండ్ వచ్చింది. వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ట్యాక్ పనిచేయడానికి కావలసిన మెగ్నీషియం క్లోరైడ్‌తోనూ జాగ్రత్త, కరిగాక బాగా కలపకపోతే పైన పల్చగా, అడుగున చిక్కగా ఉంటుంది. మామూలుగా 1.5 నుంచి 2 మిల్లీమోలార్ కావాలి.

ఇంకో కారణం పిపెట్ వాడే తీరు. గ్లిసరాల్ జిగురుగా ఉంటుంది. టిప్‌ను లోతుగా ముంచితే బయట అంటుకున్నది కూడా మిక్స్‌లోకి పోతుంది, గబగబా లాగితే తక్కువ వస్తుంది. టిప్ కొన మాత్రమే తాకించి నెమ్మదిగా లాగండి. ఒక్కో ట్యూబులో అర మైక్రోలీటర్ వేయాలని చూడకుండా అన్నిటికీ సరిపడా ఒకేసారి కలిపి (మాస్టర్ మిక్స్) పంచుకోండి.

సమస్య: పాజిటివ్ కంట్రోల్ బాగుంది, శాంపిల్ లేన్ ఖాళీ

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఖాళీ లేన్ చూసి నెగెటివ్ అని రాసిచ్చేస్తే, ఆ కాగితం నమ్మి రైతు గుంట నింపేస్తాడు. అందుకే రొయ్య సొంత జన్యువుకు కూడా పీసీఆర్ పెట్టాలి. ఆ బ్యాండ్ రాకపోతే ఫలితం నెగెటివ్ కాదు, పరీక్షే జరగలేదని అర్థం.

కారణం ఎక్కువగా ట్యాక్‌ను అడ్డుకునే పదార్థాలు. రొయ్య కళ్లలో అలాంటివి ఉంటాయి. పిల్ల కాస్త పెద్దదైతే కళ్లు తీసేసి నూరండి. పెద్ద రొయ్యకు తెల్లమచ్చ చూడాలంటే మొప్పలు, ఈత కాళ్లు తీసుకోండి. ఈహెచ్‌పీకి హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) కావాలి. డీఎన్‌ఏ తీసేటప్పుడు మిగిలిపోయిన ఇథనాల్, ఫీనాల్ కూడా ఇదే పని చేస్తాయి, ఈడీటీఏ అనే రసాయనం అయితే మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. డీఎన్‌ఏను పది రెట్లు పల్చన చేసి మళ్లీ పెట్టండి. బ్యాండ్ వస్తే అడ్డుకునేవి ఉన్నట్టే. మిక్స్‌లో కాస్త బీఎస్‌ఏ అనే ప్రోటీన్ కలిపినా మేలు.

సమస్య: అక్కర్లేని బ్యాండ్లు, పొగలా సాగిన జెల్

గది వేడికే ట్యాక్ కొంచెం కొంచెంగా పని మొదలుపెడుతుంది. మన మే నెలలో మరీనూ. మిక్స్ ఐస్ మీదే చేయండి, వీలైతే బాగా వేడెక్కాకే పని మొదలుపెట్టే హాట్‌స్టార్ట్ రకం కొనండి. 25 మైక్రోలీటర్ల మిక్స్‌కు ట్యాక్ 1 యూనిట్ దాటించకండి.

సమస్య: నెగెటివ్ కంట్రోల్‌లో బ్యాండ్

నెగెటివ్ కంట్రోల్ అంటే డీఎన్‌ఏ వేయని ట్యూబు, అందులో బ్యాండ్ రాకూడదు. నెస్టెడ్ పీసీఆర్ (మొదటి రౌండ్ కాపీలనే మళ్లీ పెంచే పీసీఆర్) చేసేవాళ్లకు ఇది తరచూ వస్తుంది. మొదటి రౌండ్ ట్యూబు మూత తెరిచినప్పుడు కోట్ల కాపీలు గాల్లోకి, పిపెట్ మీదకు చేరతాయి. మిక్స్ కలిపే గదిలో ఆ ట్యూబు తెరవకండి. బల్ల బ్లీచ్‌తో తుడిచి, నీళ్లు, ప్రైమర్లు (ఏ డీఎన్‌ఏను కాపీ చేయాలో చూపే చిన్న ముక్కలు) కొత్తవి తీయండి.

ఇక్కడ ఒక్కచోట మాత్రం తప్పు నిజంగా ట్యాక్‌దే కావచ్చు. విబ్రియో వంటి బ్యాక్టీరియా కోసం, అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉండే 16ఎస్ జన్యువు ప్రైమర్లు వాడితే, ఎంజైమ్ తయారీలో మిగిలిపోయిన ఈ.కోలై డీఎన్‌ఏ కూడా బ్యాండ్ ఇస్తుంది. ఎన్ని నీళ్లు మార్చినా పోదు. బ్యాక్టీరియా డీఎన్‌ఏ లేకుండా శుద్ధి చేసిన ట్యాక్ తెప్పించుకోవాలి, లేదా విబ్రియోకే ప్రత్యేకమైన ప్రైమర్లు వాడాలి. తెల్లమచ్చ పరీక్షకు ఈ ఇబ్బంది లేదు, ఈ.కోలైలో ఆ వైరస్ జన్యువులు ఉండవు కదా.